వాయువుల ఒత్తిడి - మన అన్నము

వేసవి మధ్యాహ్నము ఇంటికి చుట్టములు వచ్చినప్పుడు వీధిలో సోడాబండి కనబడినచో గోలీసోడా తెప్పించుట మనకు అలవాటు. సీసా మెడలో గోలీ బిగిసియుండును. లోపలి నీరు బావినీటివలెనే తేటగా, నిశ్చలముగా నుండును. బండివాడు గోలీని లోనికి నొక్కినంతనే కీచుమని చప్పుడగును. అంతవఱకు ఒక్క బుడగయైన లేని నీటినుండి వేలకొలది బుడగలు పైకి లేచును. ఒకనాడు మా యింటి చిన్నపిల్ల దీనిని చూచి, "అమ్మమ్మా, ఇంతసేపూ ఈ బుడగలు ఎక్కడ దాక్కున్నాయి?" అని నన్నడిగెను. "లోపల గాలి కొట్టారమ్మా" అని చెప్పి ఊరకుంటిని. పిమ్మట ఆలోచింపగా అది సమాధానము కాదని నాకే తోచెను. గాలి కొట్టినమాట నిజమే. కాని గోలీ నొక్కకమున్ను ఆ గాలి యేల బయటపడలేదు? నొక్కిన పిదప ఏల లోపల నిలువలేదు?

ప్రశ్న చిన్నదే. కాని దాని సమాధానమును పట్టుకొని నడచినచో, నేడు లోకములో దాదాపు సగముమందికి అన్నము పెట్టుచున్న యొక గొప్ప పరిశ్రమయొక్క మర్మము తెలియును. ఆ పరిశ్రమకు పునాదియైన పరిశోధనల వెనుక చదువుకొన్న యొక యిల్లాలి మౌనమైన శ్రమయు కలదు. ఆ రెంటిని గూర్చియు సోదరీమణులకు విన్నవింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

రాకపోకలు సమమైనపుడు

మన వంటయింటిలో జరుగు మార్పులు పెక్కులు ఒకే దారిని పోవునవి. బియ్యము అన్నమగును గాని అన్నము మరల బియ్యము కాదు. కట్టె కాలి బూడిదయగును గాని బూడిద కట్టె కాదు. ప్రకృతిలో రెండు దారులను నడచు మార్పులును కలవు. సోడానీటిలోని బొగ్గుపులుసు వాయువు సంగతి అట్టిదే. నీటిపైనున్న వాయువునుండి కొన్ని అణువులు నీటిలోనికి దిగుచుండును. అదే సమయమున నీటిలోనుండి కొన్ని పైకి వచ్చుచుండును. దిగునవియు వచ్చునవియు సమానమైనచో మన కంటికి ఏ మార్పును కానరాదు.

పేరంటము జరుగుచున్న యింటిని తలచుకొనుడు. వీధితలుపు మూసియున్నది. చావడిలో కొందఱు, పెరటి వసారాలో కొందఱు ముత్తైదువలు కలరు. నిమిషమునకు నలుగురు చావడినుండి వసారాకు పోవుచు, నలుగురు వసారానుండి చావడికి వచ్చుచున్నచో, ఎంతసేపు చూచినను రెండుచోట్లను ఉన్నవారి సంఖ్య మాఱదు. మనుష్యులు కదలుచునే యున్నారు. లెక్క మాత్రము కదలదు. ఇట్టి దశను రసాయనశాస్త్రజ్ఞులు సమతాస్థితి యందురు. అది నిద్ర కాదు, సరిసమానమైన రాకపోక.

ఇక ఒత్తిడి సంగతి. వాయువులోని అణువులు ఎల్లప్పుడు అన్ని దిక్కులకు పరుగెత్తుచు పాత్ర గోడలను కొట్టుచుండును. ఆ దెబ్బల ఫలమే ఒత్తిడి; శాస్త్రగ్రంథములలో దీనికి పీడనమని పేరు. అదే వాయువును సగము చోటిలోనికి కుదించినచో, వేడిమి మాఱకున్నంతవఱకు, పీడనము రెట్టింపగును. సముద్రతీరమున మన చుట్టునున్న గాలి వేయు ఒత్తిడిని ఒక వాతావరణ పీడనమని లెక్కింతురు. సోడాసీసాలోని వాయువు అంతకు కొన్నిరెట్ల ఒత్తిడిలో నుండును. కావున నీటిలోనికి దిగు అణువులు అధికము. అందుచే నీటిలో అంత వాయువు నిలిచియుండగలుగును. గోలీ నొక్కినంతనే పైయొత్తిడి సడలును. దిగునవి తగ్గును; వచ్చునవి మాత్రము పూర్వమువలెనే వచ్చును. అవియే బుడగలు. ఆ వాయువు ఎచ్చటను దాగియుండలేదు. నీటిలో కరగియుండెను; ఒత్తిడి దానిని నిలిపియుంచెను.

సున్నపుబట్టీ చెప్పు పాఠము

తాంబూలములోని సున్నము నెఱుగని యిల్లు మనలో లేదు. సున్నపుఱాతిని గాని, గుల్లలను గాని బట్టీలో బాగుగా కాల్చినచో బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నము మిగులును. బట్టీకి పైన దారి యుండుటచేత వాయువు ఎప్పటికప్పుడు పోవును. మార్పు తుదివఱకు సాగును. అదే ఱాతిని గట్టి లోహపుపాత్రలో మూసి కాల్చినచో ఏమగును? వాయువు పోవుటకు దారిలేక లోపలనే పేరుకొనును. కొంత ఒత్తిడి యేర్పడిన పిమ్మట, ఒకప్రక్క ఎంత ఱాయి సున్నమగుచున్నదో, మఱియొకప్రక్క అంత సున్నము వాయువుతో కలసి మరల ఱాయి యగుచుండును. పని నిలిచినట్లే. సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో ఈ యొత్తిడి ఒక వాతావరణ పీడనమునకు దగ్గఱగా నుండును. బయటనుండి ఆ వాయువునే ఇంకను లోనికి నెట్టినచో తయారైన సున్నము తిరిగి ఱాయి కాజొచ్చును.

సిమెంటు, సున్నము మొదలగువానిని శ్రద్ధతో పరిశోధించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ లూయీ లీ చాట్లియర్ 1884వ సంవత్సరమున ఒక సూత్రమును ప్రకటించెను. సమతాస్థితిలోనున్న పదార్థములపై బయటనుండి ఏదేని మార్పు తెచ్చిపెట్టినచో, ఆ మార్పు తీవ్రత తగ్గు దిక్కునకే అవి కదలునని దాని సారాంశము. ఎండ కాచినప్పుడు మనము నీడప్రక్కకు జరుగునట్లని స్థూలముగా చెప్పవచ్చును. కాని అణువులకు కోరికలు లేవు, లెక్క మాత్రమే కలదు.

ఆ లెక్క యేదియో చూతము. ఒకే వేడిమియు, ఒకే ఒత్తిడియు గల వాయువు లేవైనను, సమానమైన చోటిలో సమానసంఖ్యగల అణువులు ఇమిడియుండునని ఇటలీ దేశస్థుడగు అవగాడ్రో 1811వ సంవత్సరమున చెప్పెను. కాబట్టి నాలుగు అణువులు కలసి రెండైనచో, అవి ఆక్రమించు చోటు సగమగును. అట్టివానిపై ఒత్తిడి పెంచినచో మార్పు తక్కువ అణువులుగల పక్షమునకు మొగ్గును. ఒత్తిడి తగ్గించినచో ఎక్కువ అణువులుగల పక్షమునకు మొగ్గును. సూత్రమంతయు ఇంతే.

దీనికి విరుద్ధమైన యుదాహరణమును చూచిన సంగతి మఱింత స్పష్టమగును. నైట్రోజన్ డయాక్సైడను గోధుమవన్నెగల విషవాయు వొకటి కలదు. దాని అణువులు రెండేసి జతపడి వన్నెలేని వేఱొక వాయువగుచు, ఆ జతలు మరల విడిపోవుచుండును. ప్రయోగశాలలో గాజుగొట్టమునందు దీనిని కుదించినచో, చోటు తగ్గుటచే వన్నె మొదట చిక్కబడి, వెనువెంటనే కొంత పలుచబడును. ఒత్తిడివలన జతలు పెరిగినవన్నమాట. ఇక ఉదజనియు అయొడిన్ ఆవిరియు కలసినప్పుడు రెండు అణువులనుండి రెండు అణువులే పుట్టును. ఇచ్చట ఎంత కుదించినను సమతాస్థితి ఏ పక్షమునకును మొగ్గదు. రెండు పక్షములును ఒకే చోటును కోరును గదా!

ఇచ్చట రెండు పొరపాట్లను తప్పించుకొనవలెను. చోటు మార్చక, ఈ మార్పులో పాలుగొనని వేఱొక వాయువును పాత్రలోనికి ఎక్కించినచో మొత్తము ఒత్తిడి పెరుగును గాని సమతాస్థితి కదలదు. పాలుగొను అణువుల చిక్కదనము మాఱలేదు గనుక. రెండవది, మన ప్రెషరు కుక్కరును ఈ సూత్రమునకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. కుక్కరులో ఒత్తిడివలన నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 120 డిగ్రీలకడ మరుగును. ఆ యధికమైన వేడిమిచేత పప్పు త్వరగా ఉడుకును. పప్పునకు సంబంధించినంతవఱకు అది వేడిమి చేసిన పనియే గాని ఒత్తిడి చేసిన పని కాదు.

గాలిలో నిధి, పొలములో కఱవు

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. మొక్క పెరుగుటకును, గింజలో మాంసకృత్తులు చేరుటకును నత్రజని కావలెను. అయినను గాలిలోని నత్రజనిని వరిమొక్క గాని గోధుమమొక్క గాని నేరుగా గ్రహింపజాలదు. నత్రజని అణువులోని రెండు పరమాణువులు మూడు బంధములతో పెనవేసికొనియుండుటయే దీనికి కారణము. కంది, పెసర, మినుము, జనుము వంటి మొక్కల వేళ్ల బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులకు మాత్రము ఆ బంధములను విప్పు నేర్పు కలదు. అందువలననే మన రైతులు వరి కోసిన పొలమున పెసరయు మినుమును చల్లుదురు; జనుము, జీలుగలను పెంచి పచ్చిరొట్టగా దున్నుదురు.

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా దేశములలో జనము పెరిగెను. ఈ పద్ధతులు చాలకపోయెను. దక్షిణ అమెరికాలోని పెరూ తీరమున పక్షులరెట్ట గుట్టలను, చిలీ యెడారిలోని సురేకారమును ఓడలకెత్తి తెచ్చుకొని పొలములలో చల్లిరి. 1898వ సంవత్సరమున విలియం క్రూక్సు అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు బ్రిస్టలు నగరమున జరిగిన విద్వత్సభలో అధ్యక్షోపన్యాసము చేయుచు, చిలీ సురేకారము తరిగిపోవుననియు, గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చు విద్యను రసాయనశాస్త్రజ్ఞులు కనుగొననిచో గోధుమ తిను జనులకు అన్నము కఱవగుననియు హెచ్చరించెను.

మార్గ మేది? ఒక పాలు నత్రజనియు మూడు పాళ్లు ఉదజనియు కలసినచో రెండు పాళ్ల అమ్మోనియా యగును. అమ్మోనియా దొరకినచో ఎరువు దొరకినట్లే. చెప్పుటకు సులభమే, చేయబోవ రెండు చిక్కులు ఎదురయ్యెను. చల్లగానున్నప్పుడు ఆ రెండు వాయువులును ఏండ్లకొలది ప్రక్కప్రక్కల నున్నను కలియవు. త్వరగా కలియుటకు వేడి చేయవలెను. కాని అవి కలియునప్పుడు వేడిమి పుట్టును. కావున పైనుండి వేడిమి పెంచినకొలది, లీ చాట్లియర్ సూత్రము చొప్పుననే, పుట్టిన అమ్మోనియా మరల విడిపోవును. జర్మనీలో ఫ్రిట్జ్ హేబరు అను రసాయనశాస్త్రజ్ఞుడు 1905వ సంవత్సర ప్రాంతమున మామూలు ఒత్తిడిలో సుమారు వేయి డిగ్రీల వేడిమియందు పరీక్షింపగా, పదివేల పాళ్లలో ఒక పాలు మాత్రమే అమ్మోనియాగా నిలిచెను. పుట్టెడు వడ్లు దంచి గుప్పెడు బియ్యము తెచ్చుకొన్నట్లయ్యెను.

ఒత్తిడి చేసిన మేలు

నాలుగు అణువులు కలసి రెండగు మార్పునకు ఒత్తిడియే సహాయమని సూత్రము చెప్పుచున్నది గదా. ఎంత సహాయమో చూడుడు. వాయువులున్న పాత్రను సగమునకు కుదించితిమనుకొందము. ప్రతి వాయువు చిక్కదనము రెట్టింపగును. ఒకప్రక్క నత్రజని అణువు ఒకటి, ఉదజని అణువులు మూడు, మొత్తము నాలుగు. కనుక ఆ పక్షపు లెక్క 2×2×2×2, అనగా 16 రెట్లు పెరుగును. అమ్మోనియా పక్షమున అణువులు రెండే. ఆ లెక్క 2×2, అనగా 4 రెట్లే పెరుగును. అంతకుముందు సరితూగిన తక్కెడలో ఒక సిబ్బె 16 రెట్లు, రెండవ సిబ్బె 4 రెట్లు బరువెక్కినట్లు. మరల సరితూగవలెనన్నచో మొదటి సిబ్బెలోని సరకు కొంత రెండవ సిబ్బెలోనికి పోవలెను. అనగా ఇంకను కొంత అమ్మోనియా పుట్టవలెను.

పరీక్షలలో తేలిన లెక్కలును ఇట్లే యున్నవి. 450 డిగ్రీల వేడిమిలో, 10 వాతావరణ పీడనముల యొత్తిడియందు సమతాస్థితికి వచ్చిన వాయువులో నూటికి సుమారు 2 పాళ్లు మాత్రమే అమ్మోనియా. 100 పీడనములకు 16 పాళ్లు, 300కు 35 పాళ్లు, 1000కి 69 పాళ్లు. వేడిమి మాఱలేదు, వాయువులు మాఱలేదు. ఒత్తిడి మాత్రమే మాఱినది.

ఈ సత్యమును సూత్రముగా చెప్పిన లీ చాట్లియరే 1901వ సంవత్సరమున అధికమైన ఒత్తిడిలో అమ్మోనియాను చేయ యత్నించెను. కాని పరికరములో గాలి కలసియుండుటచే అది ప్రేలిపోయెను. ఆయన ఆ పనిని విడిచిపెట్టెను. చేతికి వచ్చిన ఫలమును జారవిడిచితినని తరువాతి కాలమున చాల విచారించెను.

ఆ పనిని హేబరును, ఆయన సహాయకుడును నిపుణుడైన యంత్రకారుడునగు రాబర్టు లె రొసిన్యోలును కార్ల్స్‌రూహే నగరమున నెఱవేర్చిరి. 1909వ సంవత్సరము జులై 2వ తేదీన వారు బల్లపై నమర్చిన యంత్రమునుండి, రెండువందల పీడనములకు దగ్గఱి యొత్తిడిలో, అమ్మోనియా ద్రవము బొట్లుబొట్లుగా కారెను. ఆస్మియమను అరుదైన లోహమును వారు ఉత్ప్రేరకముగా నుంచిరి. ఉత్ప్రేరకము మార్పును త్వరపెట్టును గాని సమతాస్థితిని ఏ పక్షమునకును మొగ్గింపదు; మొగ్గించునవి ఒత్తిడి, వేడిమి మొదలగునవి. ఆ యంత్రములో మఱియొక యుపాయము కలదు. పుట్టిన అమ్మోనియాను ఎప్పటికప్పుడు చల్లార్చి ద్రవముగా తీసివేసి, మిగిలిన వాయువులను మరల యంత్రములోనికే త్రిప్పిరి. ఫలమును తీసివేయుచున్నంతకాలము సమతాస్థితి కుదురుకొనదు; మార్పు ముందునకే సాగును. సున్నపుబట్టీలో వాయువు పోవుచున్నంతకాలము ఱాయి సున్నమగుచునే యుండుట యిట్టిదే గదా!

బల్లమీది యంత్రమును కర్మాగారముగా మార్చిన వాడు కార్ల్ బాష్. ఆయన చేయించిన ఉక్కుగొట్టములు కొన్ని దినములు పనిచేసి పగిలిపోయెను. అంతటి ఒత్తిడిలో, వేడిమిలో, ఉదజని ఉక్కులోనికి చొరబడి, దానికి బలమిచ్చు బొగ్గును హరించుచున్నదని ఆయన కనిపెట్టెను. లోపల బొగ్గు లేని మెత్తని యినుప పొరను, వెలుపల గట్టి యుక్కు కవచమును ఉంచి, లోపొరను దాటి వచ్చిన ఉదజని బయటికి పోవుటకు ఆ కవచమునకు సన్నని రంధ్రములు తొలిపించెను. ఆల్విన్ మిట్టాష్ అను శాస్త్రజ్ఞుడు వేలకొలది పరీక్షలు చేయించి, ఆస్మియమునకు బదులు ఇనుముతో చేసిన చవుక ఉత్ప్రేరకమును సిద్ధపఱచెను. 1913వ సంవత్సరమున జర్మనీలోని ఓపౌ గ్రామమున మొదటి కర్మాగారము పని కారంభించెను. హేబరునకు 1918వ సంవత్సరపు నోబెలు బహుమానమును, బాష్‌నకు 1931వ సంవత్సరపు బహుమానములో భాగమును లభించినవి.

ఆ పుస్తకము మొదటి పుటలోని పేరు

ఈ కథలో ఇంతవఱకు పురుషుల పేర్లే వచ్చినవి. హేబరు 1905వ సంవత్సరమున పరిశ్రమలకు ఉపయోగపడు వాయువుల మార్పులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. మనము పైన చెప్పుకొన్న సమతాస్థితి లెక్కలు దానిలోని విషయములే. ఆ గ్రంథమును ఆయన తన భార్యకు, ఆమె డాక్టరు పట్టముతో సహా పేరు వ్రాసి, ఆమె చేసిన మౌనసహాయమునకు కృతజ్ఞతతో అంకితమిచ్చెను.

ఆమె పేరు క్లారా ఇమ్మర్‌వార్. 1870వ సంవత్సరమున, ఇప్పుడు పోలండులో వ్రోత్స్వాఫ్ అని పిలువబడు బ్రెస్లౌ నగర సమీపమున జన్మించెను. ఆ కాలమున అచ్చటి విశ్వవిద్యాలయములలో స్త్రీలకు విద్యార్థినులుగా స్థానము లేదు. గురువుల అనుమతి తెచ్చుకొని తరగతి గదిలో అతిథివలె కూర్చుండి వినవలెను. ఆమె అట్లే విని, చదివి, 1900వ సంవత్సరము డిసెంబరులో బ్రెస్లౌ విశ్వవిద్యాలయమునుండి రసాయనశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. ఆ విశ్వవిద్యాలయమున ఆ గౌరవమందిన మొదటి స్త్రీ ఆమెయే. మఱుసటి సంవత్సరము హేబరును వివాహమాడెను. 1902లో కుమారుడు కలిగెను. అటుపిమ్మట ప్రయోగశాల తలుపు క్రమముగా మూసికొనిపోయెను. ఇల్లు, బిడ్డ, భర్తతో వచ్చు అతిథులు ఆమె దినములను నింపిరి. గృహిణులకు వంటయింటి రసాయనశాస్త్రమును గూర్చి ఉపన్యాసములు మాత్రము చేయుచుండెను. అమ్మోనియా బొట్లు కారిన ఆ 1909వ సంవత్సరముననే, ఈ ఎనిమిదేండ్లలో భర్త పొందినదంతయు, అంతకు మించియు, తాను పోగొట్టుకొంటినని ఆమె తన పూర్వపు గురువునకు జాబు వ్రాసెను.

1914వ సంవత్సరమున మహాయుద్ధము వచ్చెను. శత్రునౌకలు సముద్రమును కట్టివేయగా జర్మనీకి చిలీ సురేకారము రాకపోయెను. సురేకారము ఎరువునకే కాదు, ప్రేలుడు మందులకును మూలము. పొలములకై నిర్మింపబడిన అమ్మోనియా కర్మాగారము యుద్ధమునకు పనిచేయజొచ్చెను. హేబరు అంతటితో నాగక విషవాయువులను శత్రువులపైకి వదలు పనికి పూనుకొనెను. ఆయన పర్యవేక్షణమున 1915వ సంవత్సరము ఏప్రిలు 22వ తేదీన బెల్జియములోని ఈప్ర నగరమువద్ద 150 టన్నులకు మించిన క్లోరిన్ వాయువును వదలిరి. పదిదినములకు, మే 2వ తేదీన, క్లారా తన యింటి తోటలో తన జీవితమును తానే ముగించుకొనెను. అప్పటికి ఆమె కుమారునికి పండ్రెండేండ్లు. ఆమె వ్రాసిన ఉత్తర మేదియు నిలిచియుండలేదు గనుక కారణమిదియే యని చరిత్రకారులు నిశ్చయింపజాలకున్నారు. విషవాయు యుద్ధమును ఆమె సహింపలేకపోయెనని కొందఱును, ఏండ్ల తరబడి అణగద్రొక్కబడిన జీవితమే కారణమని కొందఱును తలంతురు. హేబరును తుదకు సుఖపడలేదు. యూదుకుటుంబమున పుట్టినవాడగుటచే 1933వ సంవత్సరమున నాజీల పాలనలో కొలువు వదలుకొని దేశము విడిచెను. మఱుసటి సంవత్సరము జనవరిలో స్విట్జర్లండులో మరణించెను.

ఒత్తిడి పెంచినచో వాయువులు తక్కువ చోటిలో ఇమిడిపోవును. అది వాని ధర్మము. చదువుకొన్న స్త్రీయు అట్లే తనకు మిగిల్చిన కొద్దిపాటి చోటిలో ఇమిడిపోవలెనని తలంచుటలోనే లోకము పొరబడినది. మనుష్యజీవితము వాయువు కాదు.

మన పొలములో, మన సీసాలో

ఆ విద్య ఈనాడు మన వాకిటికే వచ్చినది. తెలంగాణములో గోదావరి గట్టుననున్న రామగుండమునందు పూర్వము బొగ్గుతో నడచిన ఎరువుల కర్మాగారము 1999వ సంవత్సరమున మూతపడెను. అదే చోట సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము నిర్మింపబడి, 2021వ సంవత్సరమున యూరియా తయారు చేయజొచ్చెను. దినమునకు 2200 టన్నుల అమ్మోనియాయు, 3850 టన్నుల యూరియాయు తయారు చేయు శక్తి దానికి కలదు.

అట్టి కర్మాగారములలో మన సూత్రము రెండు విధముల కానవచ్చును. మొదటి మెట్టున సహజవాయువును నీటియావిరితో కలిపి ఉదజనిని తీయుదురు. ఇచ్చట రెండు అణువులు నాలుగగును. కాబట్టి ఒత్తిడి మేలు చేయదు, కీడే చేయును. అయినను యంత్రసౌకర్యముకొఱకు కొంత ఒత్తిడిలోనే నడపుచు, ఆ నష్టమును అధికమైన వేడిమితోను, మిక్కిలిగా నిచ్చు ఆవిరితోను పూరింతురు. రెండవ మెట్టున అమ్మోనియా తయారగునప్పుడు నాలుగు అణువులు రెండగును. ఒత్తిడి మేలు చేయును. కడపటి మెట్టున ఆ అమ్మోనియాను బొగ్గుపులుసు వాయువుతో గొప్ప ఒత్తిడిలో కలిపి యూరియా చేయుదురు. సోడాసీసాలోని ఆ వాయువే యిది!

నేడు లోకములో ఏటేట తయారగు అమ్మోనియా సుమారు 18 కోట్ల టన్నులు. దానిలో అధికభాగము ఎరువులకే పోవుచున్నది. ఆ యెరువు లేనిచో నేటి జనసంఖ్యలో దాదాపు సగముమందికి తిండి చాలదని శాస్త్రజ్ఞుల అంచనా. మేలుతోపాటు కీడును లేకపోలేదు. ఈ పరిశ్రమ మిక్కిలిగా ఇంధనమును మ్రింగి, బొగ్గుపులుసు వాయువును గాలిలోనికి వదలుచున్నది. మోతాదు మించి చల్లిన యూరియా చెఱువులను, బావులను పాడుచేయుచున్నది. అందుచే నీటిని విద్యుచ్ఛక్తితో విడదీసి ఉదజనిని తీయు పద్ధతులను ఇప్పుడు పలుదేశములవారు ఆరంభించుచున్నారు. మన రైతులు పెసరను, జనుమును మఱచిపోకుండుటయు అంతే అవసరము.

పాఠశాలలో చదువు పిల్లలున్న తల్లులు ఈ సూత్రమును ఇంటిలోనే చూపవచ్చును. మరమూతగల ప్లాస్టిక్ సోడాసీసా నొకదానిని తెచ్చి, మూత కొంచెము వదులు చేయుడు. బుడగలు లేచును. వెంటనే బిగింపుడు. కొంతసేపటికి పైభాగమున వాయువు చేరి, ఒత్తిడి పెరిగి, బుడగలు ఆగిపోవును. సీసా మరల గట్టిపడును. మఱియొకమాఱు వదులు చేసినచో మరల లేచును.

మా చిన్నదానికి నేనిట్లే చూపితిని. అది రెండుమూడు పర్యాయములు మూత త్రిప్పి చూచి, "అయితే అవి దాక్కోలేదు, పట్టి ఉంచారన్నమాట" అనెను. ఆ మాటతో నాకు క్లారా గుర్తునకు వచ్చెను. మన యాడుబిడ్డలు ఇట్టి ప్రశ్న అడిగినప్పుడు "గాలి కొట్టారమ్మా" అని ఊరకుండక, తెలిసినంతవఱకు చెప్పుదము. తెలియనిదానిని వారితోపాటు మనమును నేర్చుకొందము.